కాటా మీద కాలు

స్టేషన్ మూసేసిన రోజున గంట, గడియారం, దీపాలు అన్నీ లారీలో వేసుకుపోయారు. తర్వాత పట్టాలూ ఊడదీశారు. సామాను తూచే కాటా ఒక్కటే మిగిలింది. దాని పళ్ళెం ప్లాట్‌ఫారం సిమెంటులో కూరుకుని ఉంది. పెకలించే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఒకప్పుడు అక్కడ పోర్టరుగా చేసినతను ప్రతి ఆదివారం పొద్దున్నే భార్యను అక్కడికి తీసుకొస్తాడు. ఆమెకు కడుపులో గడ్డ. "బరువు తగ్గుతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపో" అని నర్సు చెప్పింది.

స్టేషన్ కప్పు సగం కూలింది. వెయిటింగ్ రూంలో మేకలు పడుకుంటున్నాయి. బెంచీలకు ఇనుప కాళ్ళే ఉన్నాయి, చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. కాటా ముల్లు బిగుసుకుపోకుండా అతనే నూనె వేస్తుంటాడు.

ఆ ఆదివారం, బెత్తెడు ఎత్తు కూడా లేని పళ్ళెం మీదికి ఆమె తనంతట తాను ఎక్కలేకపోయింది. అతను నడుం పట్టి ఎక్కించాడు. వెనక నిలబడి ముల్లు చూశాడు.

"పోయిన వారం ఎంతో, అంతే."

"నీ కాలు తియ్యి."

"ఏ కాలు?"

"పళ్ళెం అంచున పెట్టావే, ఆ కాలు. నా రోగం కడుపులోనయ్యా, కళ్ళల్లో కాదు."

పోర్టరుగా ఉన్న రోజుల్లో అతను, డబ్బు కట్టలేని ముసలివాళ్ళ మూటలు తూచేటప్పుడు, స్టేషన్ మాస్టరు కంట పడకుండా బొటనవేలితో మూట అంచు పైకెత్తేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

"అందరి మూటలూ కింద నుంచి ఎత్తావు. నా వంతొచ్చేసరికి పైనుంచి తొక్కుతున్నావా?"

ఆమె నవ్వింది. నవ్వితే నొప్పొచ్చి డొక్క పట్టుకుంది.

"నువ్వు బెంగ పెట్టుకుంటావని..."

"బెంగ నాదా, నీదా?"

అతను కాలు తీశాడు. ముల్లు వెనక్కి జారింది, చాలా దూరం జారింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావే?"

"పొద్దున్నే నీతో ఇంత దూరం నడిచొస్తున్నా కదా. ఆసుపత్రిలో పడితే ఇదుంటుందా?"

"రేపే వెళ్దాం."

"వెళ్దాంలే."

మర్నాడు బస్సెక్కారు. పెద్దాసుపత్రి డాక్టరు కాగితాలు చూసి, "ముందే తీసుకురావలసింది" అన్నాడు. ఆ వారంలోనే ఒక పొద్దున, అతను టీ తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు ఆమె పోయింది.

చివరిసారి కాటా ఎక్కిన ఆదివారం మబ్బుగా ఉందని ఆమె గొడుగు తెచ్చుకుంది. టికెట్ల కిటికీ ఊచకు తగిలించి, వెళ్ళేటప్పుడు మరిచిపోయింది. ఒక పుల్ల విరిగిన నల్ల గొడుగు. ఇంకా అక్కడే ఉంది. అతను వెళ్ళి తెచ్చుకోలేదు.