నుహాద్ అడిగే ప్రశ్న

నుహాద్ ఉస్తాజా, అంటే మా నుహాద్ టీచరమ్మ, పేరెత్తితే అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. ఆమె రాజధాని అమ్మాన్‌లో, నేను దూరాన కరక్ ఊళ్ళో. ఆన్‌లైన్‌లో ఎం.ఏ. చదివే మాలాంటి వాళ్ళకు థీసిస్ రాయడంలో సాయపడటం ఆమె ఉద్యోగం. సాయమట, ఒక్క వాక్యం దిద్దితే ఒట్టు. నా థీసిస్ అప్పటికే ఒకసారి వెనక్కు వచ్చింది. మళ్ళీ వస్తే సీటు పోతుంది.

నేను రెండో తరగతి టీచర్ని. రాసే ముందు పక్కపిల్లకు కథ చెప్పిన పిల్లలు బాగా రాస్తారని కనిపెట్టింది నేనే. కానీ పెద్దల ముందు 'నేను' అంటే మా ఇళ్ళల్లో పొగరు. అందుకే థీసిస్‌లో ప్రతిచోటా 'మా గైడు డాక్టరుగారు సెలవిచ్చినట్టు' అని రాశాను.

"మీ డాక్టరుగారు మీ క్లాసుకు ఎప్పుడొచ్చారు రుదైనా?" వీడియో కాల్‌లో అడిగింది నుహాద్.

"ఆయనెందుకొస్తారండీ?"

"మరి చూసిందెవరు?"

"నేనే."

"అయితే అదే రాయండి."

"మీరు రాసిస్తే చిటికెలో పని కదండీ."

"రేపు పరీక్షలో అడిగితే నన్ను పిలుస్తారా?"

టీ పట్టుకొచ్చిన మా అత్తయ్య అంతా విన్నది. "మీ ఉస్తాజా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నీకు తగ్గదే దొరికింది," అంది.

పంపిన ప్రతిసారీ పక్కన ప్రశ్నలతో తిరిగొచ్చేది. ఎవరు చూశారు, ఎలా తెలుసు, కాకపోతే? ఈద్ రోజున కూడా వదల్లేదు మహాతల్లి. తిట్టుకుంటూనే రాశాను. రానురాను ఆమె అడగబోయేది నాకు ముందే వినిపించసాగింది.

మౌఖిక పరీక్ష రోజు తెర మీద పెద్ద పరీక్షకుడు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "మొదటిదానికీ దీనికీ పోలికే లేదమ్మా. ఎవరిచేత రాయించావు?"

థీసిస్ డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు మరి, ఆయన్ను అనేదేముంది.

"ఏదైనా అడగండి, మీ ముందే రాస్తాను," అన్నాను.

"కథ చెప్పి కూడా రాయలేకపోయిన పిల్లలు లేరా? వాళ్ళ గురించి రాయి."

లమార్ గుర్తొచ్చింది. వాళ్ళు చూస్తుండగానే టైపు చేశాను. 'లమార్ కథ చక్కగా చెప్పింది, కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేకపోయింది. ఆమె పక్కన కూర్చున్న పిల్ల వింటుందే తప్ప ఏమీ అడగదు. ప్రశ్నలడిగే పిల్ల పక్కన కూర్చోబెట్టాక లమార్ రాసింది. ఇది నేను చూశాను.'

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది థీసిస్‌లో లేదే?"

"ఇప్పుడే తట్టిందండీ."

"చేర్చు," అన్నాడు. పాసయ్యాను.

వెంటనే నుహాద్‌కు ఫోన్ చేసి రాసిందంతా చదివి వినిపించాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

తర్వాత గొంతు సర్దుకుని, "ఒక్క లమార్‌నేనా చూసింది? ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.