గంగాబాయి కాలు, శంకర్రావు నడుము

గంగాబాయి ఎదురుకాళ్ళతో పుట్టింది. అంటే తల కాకుండా కాళ్ళు ముందు బయటికొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుము వదులుతుందని ముంబయి కామాఠిపురా చాళ్ళలో, అంటే వరసగదుల ఇళ్ళలో, తెలుగువాళ్ళూ మరాఠీవాళ్ళూ ఒక్కమాటగా నమ్ముతారు. మరే విషయంలోనూ వాళ్ళకు ఒక్కమాట లేదు, నల్లా నీళ్ళ దగ్గర అసలే లేదు. ఆదివారం పొద్దున ఎనిమిదయ్యేసరికి రెండో అంతస్తు వరండాలో నడుములు పట్టుకున్న జనం వరస కడతారు. ఒక్కొక్కరే వచ్చి గడపకు అడ్డంగా బోర్లా పడుకుంటారు. గంగాబాయి చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి, ఎడమకాలితో మూడు తాపులు తన్ని, తరవాతివాళ్ళను రమ్మంటుంది. లేచినవాడు దండం పెట్టి నిటారుగా నడిచిపోతాడు. మెట్లు దిగాక మళ్ళీ వంగుతాడేమో ఎవరూ వెనక వెళ్ళి చూడలేదు.

ఆ చాల్లో ఆమె కాలు పడని నడుము ఒక్కటే ఉంది. అది ఆమె మొగుడు శంకర్రావుది.

మొగుణ్ణి పెళ్ళాం తన్నడం ఎక్కడైనా ఉందా? నిద్రలో కాలు తగిలితేనే గంగాబాయి లేచి, చేత్తో అతణ్ణి తాకి కళ్ళకద్దుకుని పడుకుంటుంది. కానీ అసలు సంగతి అది కాదు. పెళ్ళయిన కొత్తలో శంకర్రావు అన్నకు నడుము పట్టేస్తే, ఈమె మూడు తాపులతో లేపి నిలబెట్టింది. ఇక నీ నడుముకు ఢోకా లేదురా అని చాల్ మొత్తం శంకర్రావును ఏడిపించింది. అతనికి ఎక్కడో కాలింది. "పెండ్లాం కాలికింద పండే మొగోణ్ణి గాను నేను" అని వరండాలో నలుగురూ వినేట్టు అన్నాడు. గంగాబాయి కూడా విన్నది. ఆమె ఏమీ అనకపోవడం తన గెలుపనుకున్నాడు. ఆ గెలుపును ముప్పై రెండేళ్ళుగా నడుము మీద మోస్తున్నాడు.

ఇప్పుడు అతనికి యాభై ఎనిమిది. వర్లిలో ఒక అపార్ట్‌మెంట్ టవర్ గేటు దగ్గర వాచ్‌మన్. రోజుకు పది గంటలు నిలబడే ఉద్యోగం. కూర్చుంటే నిద్రపోతారని కుర్చీ తీసేశారు. నడుము మెల్లగా ఎడమవైపు ఒరిగి, తరవాత ముందుకు వంగి, చివరికి అతను ఎప్పుడూ కింద ఏదో పారేసుకుని వెతుక్కునే మనిషిలా తయారయ్యాడు. సొసైటీ సెక్రటరీ మర్యాదస్తుడు. వచ్చే ఒకటో తారీఖుకు సరిగ్గా నిలబడగలిగితే ఉండమనీ, లేకపోతే ఇంట్లో విశ్రాంతి తీసుకోమనీ చెప్పాడు. ఇంట్లో విశ్రాంతి అంటే పది బై పన్నెండు గదిలో, పొద్దస్తమానం, గంగాబాయి ఎదురుగా. ఆ ఊహకే శంకర్రావుకు చెమట పట్టింది. చేతిలో ఇరవై రోజులున్నాయి.

దారి చూపించింది కూతురు రుతుజ. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, చేతులతో ఒత్తి ఒళ్ళు సరిచేసే క్లినిక్ ఒకదాంట్లో కౌంటర్ చూస్తుంది. వరండాలో నిలబడి, మసాజ్ లాంటిదే పప్పా అని గట్టిగా చెప్పింది. సానికొంపలకు పేరుపడ్డ కామాఠిపురాలో పుట్టిన మగవాడు మసాజ్‌కు వెళ్తున్నాడని నలుగురి చెవినా పడితే ఇక చెప్పేదేముంది? పక్కగది బాలనర్సయ్య వారం రోజుల పాటు కనిపించినప్పుడల్లా కన్ను గీటాడు. గంగాబాయి మాత్రం స్నానం చేసి వెళ్ళమంది, అంతే.

క్లినిక్‌లో చూసేది దర్శన అనే అమ్మాయి. ముప్పై దాటి ఉండదు. నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడిగింది. మామూలుగా ఎనిమిది, వానాకాలంలో పన్నెండు అన్నాడు శంకర్రావు. చొక్కా విప్పమంది. బనియన్‌కు వెనక మూడు చిల్లులున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నిలబడమంది, నడవమంది, వంగమంది, ఒంటికాలి మీద నిలబడమంది. మందు రాయదేం, ఎక్స్‌రే అడగదేం అని అతని అనుమానం. సరిగ్గా నిలబడండి అనగానే రొమ్ము విరుచుకుని సెల్యూట్ కొట్టే ఫోజు పెట్టాడు. అది నిలబడటం కాదు బాబా, బిగుసుకోవడం అని మరాఠీలో నవ్వింది. మీ బరువంతా ఎడమకాలే మోస్తోంది, కుడికాలు ఊరికే పక్కన నిలబడి చూస్తోంది అని కూడా అంది.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుముకు రెండు పక్కలా అరచేతులు ఆనించింది. అంతే. ఇక ఏమీ జరగలేదు. టప్పున ఎముక విరిగిన చప్పుడు ఒకటి వస్తుందనీ, ఆపైన తాను లేచి కూర్చుంటాననీ శంకర్రావు ఎదురుచూశాడు. ఈ పిల్ల నిద్రపోయిందేమోనని తల తిప్పి చూశాడు కూడా. ఊపిరి వదలమంది. తను ఊపిరి బిగపట్టి ఉన్నాడని అతనికి అప్పుడే తెలిసింది. తరవాత పిరుదు పక్కన ఎక్కడో బొటనవేలు దింపింది. ప్రాణం పోయినంత పనైంది. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు, మగవాడు కదా. కాలివేళ్ళు ముడుచుకుపోయి ఉంటే లేదంటారేమిటని దర్శన చెయ్యి తీసేసింది. ఓర్చుకుంటే బహుమానం ఏమీ లేదట. ఓర్చుకున్నకొద్దీ కండ బిగుస్తుందట, నొప్పి పుడితే చెప్పాలట. యాభై ఎనిమిదేళ్ళలో నొప్పి పుడితే చెప్పమని అతనితో అన్న మొదటి మనిషి ఈమే.

లేచాక అన్నీ వివరంగా చెప్పింది. ఒక్కరోజులో పోయే నొప్పి కాదు. రేపు ఎవరో కొట్టినట్టు ఒళ్ళంతా సలుపుతుంది, ఎల్లుండికి తగ్గుతుంది. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడాలి. ఇక్కడికి వారానికోసారి రావాలి, మిగతా రోజులు ఇంట్లో ఎవరైనా పది నిమిషాలు ఇలాగే అరచేతులు ఆనించి మెల్లగా ఒత్తాలి. ఇంట్లో ఎవరున్నారని అడిగింది.

రుతుజ కౌంటర్ దగ్గరే పగలబడి నవ్వి తల్లి కాలి సంగతంతా చెప్పేసింది. దర్శన నవ్వలేదు. ఈ వయసులో వెన్నుమీద తాపు పడితే కొత్త దెబ్బ తగలొచ్చు, కాలు వద్దు, చేతులు చాలు అంది. వెళ్ళేటప్పుడు శంకర్రావు గుండె తేలికైంది. పెళ్ళాం తన్ను తప్పింది, అదీ చదువుకున్న మనిషి నోటితో. చేతుల మాట అతనికి ఇంటి దగ్గరి ఫోరస్ రోడ్ దాకా నడిచి వచ్చాక గాని బుర్రకెక్కలేదు. చేతులు కావాలంటే అడగాలి.

అతను అడగలేదు. కొడుకు ప్రథమేశ్‌ను ఒత్తమన్నాడు. వాడు ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ రెండో మోచేత్తో ఒత్తాడు, మధ్యలో ఫోన్‌లో క్రికెట్ వికెట్ పడితే పూర్తిగా అతని మీద వాలిపోయాడు. రెండోరోజు శంకర్రావే గోడకు వీపు ఆనించి రుద్దుకున్నాడు. సున్నం రాలింది. చివరికి రుతుజతో చెప్పించాడు, మీ అమ్మకు చెప్పు, డాక్టరు ఒత్తమన్నదని. రుతుజ చెప్పింది. గంగాబాయి సరేనంది, ఆ సరే అక్కడే ఆగిపోయింది.

ఆదివారం వచ్చింది. ఒకటో తారీఖుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. వరండాలో ఏడెనిమిది మంది, అందరికంటే ముందు బాలనర్సయ్య. శంకర్రావు మంచం దిగబోతే నడుము లేవలేదు. పాక్కుంటూ వచ్చి గడప దగ్గర చాప మీద బోర్లా పడ్డాడు. వరండాలోవాళ్ళంతా ఇటు తిరిగారు. ఇంతకంటే అవమానం ఏముంటుంది, ఇక తనే అర్థం చేసుకుని చెయ్యి వేస్తుందిలే అనుకున్నాడు. గంగాబాయి వచ్చి పక్కన నిలబడింది.

"ఏం గావాలె?" అంది.

"రుతుజ చెప్పింది గదా."

"రుతుజ నడుం నొస్తలేదు గదా."

శంకర్రావు చాపలో ముఖం దాచుకుని, అడగడానికే వచ్చానని గొణిగాడు.

"వచ్చింది నీ నడుము. నువ్వు రాలే." ఆమె గొంతు పెంచలేదు. "నీ అన్న వచ్చిండు, ఈ బాలనర్సయ్య వచ్చిండు, ఎరుక లేనోళ్ళు వచ్చిండ్రు. ముప్పై రెండేండ్లు కాలు కాలు అంటిరి. చేతులు గూడ ఉన్నై నాకు. నొస్తున్నదని ఒక్కసారన్న నాతోని అన్నవా?"

ఆ మాట శంకర్రావుకు దర్శన బొటనవేలు దిగినచోటే దిగింది. అతను అనుకున్నది, ఆమె తన్నుతానంటే తను వద్దనాలని. ఆమె అన్నేళ్ళూ ఎదురుచూసింది, ఇతను నొప్పి అని ఎప్పుడంటాడా అని. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది, వరండా అంతా చూస్తుండగానే వచ్చింది.

"గంగా, బాగ నొస్తున్నదే," అన్నాడు. "జర చెయ్యేసి చూడు."

గంగాబాయి కూర్చుంది. రెండు అరచేతులూ అతని నడుముకు అటూ ఇటూ ఆనించింది. గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన చేతులు, వెచ్చగా ఉన్నాయి. ఊపిరి వదలమని ఎవరూ చెప్పకుండానే అతను వదిలాడు. మరి మా సంగతేమిటని బాలనర్సయ్య మెల్లగా అడిగాడు.

"ఇయ్యాల కాలికి సుట్టీ," అంది గంగాబాయి తల తిప్పకుండా. "పొండ్రి."

నొప్పి ఆరోజు పోలేదు. దర్శన చెప్పినట్టే సలిపింది, తగ్గింది, మళ్ళీ సలిపింది. ఒకటో తారీఖున శంకర్రావు గేటు దగ్గర రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు, పూర్తి నిటారుగా కాదు గాని, నేల వెతుక్కునేలా కూడా కాదు. సెక్రటరీ కారు అద్దం దించి ఒకసారి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. సాయంత్రం డ్యూటీ దిగి, ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చి, తలుపైనా దగ్గరికి వెయ్యకుండా శంకర్రావు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి, నొస్తున్నదని చెప్పాడు.