తలుపుకి బొట్టు

మా సీతమ్మలంక జనాభా ఎంతని అడిగితే పంచాయతీ ఆఫీసువాళ్ళు గోడ మీద రాసిన అంకె చూపిస్తారు. ఆ అంకె మీద నాకు నమ్మకం లేదు. రంగు వెలిసేదాకా అది అలాగే ఉంటుంది, మనుషులు అలా ఉంటారా? ఊళ్ళో ఎవరున్నారో ఎవరు లేరో తెలియాలంటే నన్నడగాలి. ఇరవయ్యేళ్ళుగా ఏ ఇంట్లో పెళ్ళయినా కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి పిలిచేది నేనే. శుభలేఖలు మగాళ్ళు పంచుకుంటారు. ఆడవాళ్ళని పిలవాలంటే మాత్రం ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టాల్సిందే.

ఇల్లు తాళం వేసుంటే తలుపుకి బొట్టు పెట్టి, గడప మీద రెండు అక్షింతలు వేసి రావాలి. అదీ మా పద్ధతి. పూర్వం అలాంటి ఇల్లు వీధికొకటి తగిలేది. ఇప్పుడు నుదుళ్ళకంటే తలుపులకే కుంకుమ ఎక్కువ ఖర్చవుతోంది.

రెండువేల నాలుగు వైశాఖంలో దుర్గారావుగారమ్మాయి మమత పెళ్ళి కుదిరింది. పిలుపులకి తల్లి సత్యవతి రావాలి, కానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అమలాపురం నుంచి వచ్చిన చెల్లెలు రత్నమాలని నాకు జత చేసింది. రత్నమాలకి మా ఊరు కొత్త.

సత్యవతి అత్తగారు బతికున్న రోజుల్లో పిలుపు మా ఇంటితోనే మొదలయ్యేది. ఆ పెద్దావిడ మా గుమ్మంలోకి వచ్చి, నాకు బొట్టు పెట్టి, "పదవే సత్యనారాయణమ్మా" అని వెంటబెట్టుకు వెళ్ళేది. ఈసారి రమ్మని కబురొచ్చింది, అంతే. కబురు వేరు, పిలుపు వేరు. నాకు కోపం రాకపోలేదు. పోనీలే, మా ఇల్లు ఊరి చివర కదా, తిరిగి తిరిగి అక్కడికి చేరేసరికి రత్నమాల పెడుతుందిలే అని సర్దుకున్నాను.

ఒక్క బొట్టుకి ఇంత పట్టింపేమిటని మీరనొచ్చు. మా ఆయన జగ్గారావు దుబాయి వెళ్ళి అప్పటికి ఎనిమిదేళ్ళు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. ఉన్నాడని గానీ లేడని గానీ చెప్పినవాళ్ళు లేరు. గుమ్మాలన్నీ నాకే తెలుసు కనుక పిలుపులకి నేను కావాలి. కానీ నా నుదుటి బొట్టు వంక చూసి చూపు తిప్పుకునేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఎవరైనా నా గుమ్మంలోకి వచ్చి, నాకు బొట్టు పెట్టి, పెళ్ళికి రమ్మనాలి. నేనూ ఈ ఊరి ముత్తయిదువనేనని నలుగురికీ తెలియాలి. నాకు కావలసింది అదొక్కటే. అందుకే ఆ రోజు వాకిలి అలికి ముగ్గేశాను. గడపకి పసుపు రాశాను. కొత్త చాప పరిచి, బెల్లం పానకం కలిపి మూతపెట్టి బయల్దేరాను. ఒంటరి ఇల్లు కదా, తాళం వేశాను.

మా ఊరు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పడమట పంటకాలువ, తూర్పున వైనతేయ ఏరు, మధ్యలో కొబ్బరితోటలూ మేమూ. కాలువగట్టు వీధితో మొదలుపెట్టి, పెద్ద వీధి మీదుగా ఏటిగట్టు వైపు నడిచాం. కాలువగట్టు మీద బేబి ఒక్కతే కనిపించింది. మొగుడు మస్కట్‌లో ఉంటాడు. చెమట తుడుచుకుని నుదురు ముందుకి పెట్టింది, మజ్జిగ ఇచ్చింది, లేవబోతే రత్నమాల చెయ్యి పట్టుకుంది.

"ఇంకాసేపు కూర్చోండి, అక్కా. మనిషి గుమ్మంలోకొచ్చి ఎన్నాళ్ళయ్యిందో!"

అక్కణ్ణించి వరసగా తాళాలే. లోవరాజు కుటుంబంతో సహా అల్లవరంలో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళాడు. మాణిక్యాలరావుగారు కొబ్బరి వ్యాపారం కోసం అంబాజీపేటలో ఇల్లు తీసుకున్నారు. ఆ పక్కింటావిడ కువైట్‌లో ఎవరి పిల్లలకో అన్నం పెడుతోంది. ఆ తలుపుల మీద నేను పెట్టిన పాత బొట్లే ఉన్నాయి, గోధుమరంగుకి తిరిగి.

"ఏవండీ అక్కయ్యగారూ, లేనోళ్ళని పిలవడమేంటండీ?" అంది రత్నమాల నవ్వుతూ.

"లేరని మనం అనేస్తే ఎలాగండీ? ఇల్లుంది కదా. బొట్టు మానేస్తే ఇంక ఆ ఇల్లు ఊళ్ళోది కాదన్నట్టే."

"అయితే మనుషులకి నేను పెడతాను, తలుపులకి మీరు పెట్టండి."

"ఆయ్, అలాగేనండీ."

ఆవిడ పని తేలికైపోయింది. కొంతదూరం పోయాక మాటల్లో అడిగింది. "మీ వారేం చేస్తారండీ?"

"దుబాయిలో ఉన్నారండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

ఎండ మండిపోతోందన్నాను.

ఏటిగట్టు ఎక్కేసరికి పొద్దు వాలింది. గట్టుకి అవతల ఒకప్పుడు వీధి ఉండేది, ఏడాదికి కాస్త చొప్పున ఏరు కోసుకుపోయింది. మిగిలింది మా ఇల్లే. అక్కడే రత్నమాల చెప్పు తెగింది. పాపం, కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"అక్కయ్యగారూ, ఇంకేం లేవు కదండీ?"

"ఒక్క గుమ్మం ఉందండీ."

ఆవిడ గట్టు మీంచి కిందకి తొంగి చూసింది. "అదాండీ? తాళం వేసుంది కదా! మీరెళ్ళి తలుపుకి పెట్టేసి వచ్చేయండి. నేనిక్కడే నించుంటాను."

భరిణె నా చేతిలో పెట్టింది. తాళంచెవి నా కొంగున ముడేసి ఉంది. అది నా ఇల్లండీ అని ఒక్క మాట అంటే చాలు, కుంటుకుంటూ అయినా దిగి వచ్చేది, మంచి మనిషే. కానీ బొట్టు అడిగి పెట్టించుకునేది కాదు. అడిగితే అది పిలుపెలా అవుతుంది?

గట్టు దిగాను. ముగ్గు పొద్దున వేసింది వేసినట్టే ఉంది, ఎవరి అడుగూ పడలేదు. ఊళ్ళో అన్ని తలుపులకీ పెట్టినట్టే మా తలుపుకీ పెట్టాను. బొట్టు కాస్త పక్కకి పోయింది. గడప మీద రెండు అక్షింతలు వేశాను. ఏడుపు తన్నుకొచ్చింది. గట్టు మీద మనిషి ఉందని మింగేశాను.

పైకి వచ్చాక రత్నమాల అడిగింది. "పెట్టేరాండీ?"

"ఆయ్, పెట్టేనండీ."

"ఎవరిల్లండీ అది?"

"ఒకావిడ ఉంటుందండీ, ఒక్కతే."

"పెళ్ళికి వస్తారంటారా?"

భరిణె మూత పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

"వస్తుందండీ. పిలిచేం కదా."