బియ్యానికి జొన్నలు

ఆసుపత్రి పెద్దలారా, తప్పు మీది. ఏడాది పొడవునా రక్తదాతలను పిలవాల్సింది మీరు, పిలవరు. గుండె ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చాక కన్నతల్లినే దాతల కోసం ఊళ్ల మీదికి తోలుతారు. తోలేటప్పుడు నాలుగు మాటలు విడమర్చి చెప్పడానికి కూడా మీకు నోరు రాదు. కొడిమ్యాల భూమవ్వకు ఏం జరిగిందో వినండి.

భూమవ్వ బీడీలు చేస్తుంది. భర్త దుబాయ్‌లో ఉన్నాడు. బిడ్డ ప్రణీతకు చిన్నప్పుడు కీళ్లు వాచే జ్వరం వచ్చి గుండెలో కవాటం పాడైంది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. పట్నం ఆసుపత్రిలో చేర్చుకుని, గురువారం కవాటం మారుస్తామన్నారు. బ్లడ్ బ్యాంకు కిటికీలో మనిషి, పిల్లది బి పాజిటివ్ అనీ, ఎక్కించే రక్తానికి బదులు ఇద్దరిని తేవాలనీ చెప్పి తలుపు వేసుకున్నాడు.

బదులు. భూమవ్వకు బాగా తెలిసిన మాటే. పక్కింట్లో బియ్యం బదులు తెచ్చుకుంటే బియ్యమే తిరిగివ్వాలి. కాబట్టి బి పాజిటివ్ తీసుకుంటే బి పాజిటివే ఇవ్వాలనుకుంది.

ముందు తన చెయ్యే చాపింది. నీకే రక్తం లేదని వెనక్కి పంపారు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే తమ్ముడు జలపతిది బి పాజిటివే. పని ఆపుకుని వచ్చాడు. మొన్ననే పసిరికలు, అదే కామెర్లు, తగ్గాయని చెబితే వద్దన్నారు. తర్వాత కోరుట్ల నుంచి ఫరూఖ్ వచ్చాడు. దుబాయ్‌లో ఆమె భర్తతో ఒకే గదిలో ఉండి, తిరిగొచ్చి పంక్చర్ దుకాణం పెట్టుకున్నవాడు. భార్య రేష్మాను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"నీదేం గ్రూపు తమ్మీ?" అంది భూమవ్వ.

"ఏ పాజిటివ్ అక్కా. రేష్మాది ఓ."

"గట్లయితే నడువదు. బియ్యం దెచ్చుకొని జొన్నలిస్తే ఊకుంటరా?"

ఫరూఖ్ భార్య వైపు తిరిగాడు. "నా నెత్తురు జొన్నలట. నీదేంది, మక్కలా?"

ముగ్గురూ నవ్వుకున్నారు. చాయ్ తాగించి వాళ్లను బస్సెక్కించింది.

గురువారం వచ్చింది. రక్తానికి బదులు రాలేదని ఆపరేషన్ ఆపారు. ఆ సాయంత్రం ప్రణీత గోడకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరాడటం లేదు.

"అమ్మా, బియ్యం దొరికినయా?" అని మెల్లగా అడిగింది.

మర్నాడు డాక్టరు వచ్చి ఎందుకు ఆగిందని అడిగాడు. భూమవ్వ అంతా చెప్పింది. ఆయన పిల్లకు ఎక్కించే బి పాజిటివ్ తమ దగ్గరే ఉందనీ, దానికి బదులు వేరే ఏ గ్రూపు రక్తమైనా తీసుకుంటామనీ చెప్పాడు.

"గా ముక్క కిటికీల చెప్తే అయిపోతుండె గద సారూ," అంది భూమవ్వ. గొంతు పెంచలేదు. ఫోన్ తీసి కోరుట్లకు చేసింది.

"తమ్మీ, జొన్నలు గూడ నడుస్తయట. ఇద్దరు రాండ్రి."

వాళ్లు మొదటి బస్సుకే వచ్చి రక్తమిచ్చి పోయారు. కొత్త తారీఖు మాత్రం ఇంకా రాలేదు. ప్రణీత గోడకు ఆనుకుని కూర్చునే ఉంది.

ముందు ఆ పిల్లకు తారీఖు ఇవ్వండి, రేపే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో నెలనెలా దాతలను పిలిచి రక్తం నిల్వ పెట్టండి. ఇక మీదట ఏ తల్లినీ నెత్తురుకు బదులు అడగకండి.