బొట్టు పెట్టించుకున్న ఫుల్ చోక్

నేను ఒక చోక్‌ని. పాత స్కూటర్లకుండే చోక్ కాదు, తుపాకీ గొట్టం మూతికి మరతో బిగించే ఉక్కు ముక్కని. తూటా పేలాక అందులోని సీసపు గుళ్లు ఎంత వెడల్పున చెదరాలో తేల్చేది నేనే. మాలో వదులువాళ్లున్నారు, ఇరుకువాళ్లున్నారు. అందరిలోకీ ఇరుకు నేను, ఫుల్ చోక్‌ని. దూరంగా పారిపోయే గురికి, కాస్త లావు గుళ్లతో, నన్ను వాడాలి. దగ్గర్లో అడ్డంగా దూసుకుపోయే మట్టి పళ్లేలకి ఆవగింజల్లాంటి సన్న గుళ్లూ, నా వదులు తమ్ముడూ కావాలి. ఈమాత్రం దానికి పంచాంగం చూడక్కర్లేదు కదా!

నన్ను కొన్నది భీమవరం దగ్గర చేపల చెరువులున్న రంగపతిరాజుగారు. కూతురు విశాలి కోసం రెండు గొట్టాల తుపాకీ, పెట్టెడు చోక్‌లు తెప్పించారు. విశాలిది పళ్లేల ఆట, యంత్రం గాల్లోకి విసిరే మట్టి పళ్లేల్ని తుపాకీతో పగలగొట్టడం. రాష్ట్ర జట్టులో చోటు కోసం ఏడాదంతా చెమటోడ్చింది. దసరా వెళ్లగానే సెలక్షన్లు.

పండగ ముందురోజు రాజుగారు చెరువు మీద కొంగల్ని బెదరగొట్టడానికి నన్నూ నా కవలనీ రెండు గొట్టాలకీ బిగించారు. ఉత్త చప్పుడుకి ఏ చోక్ అయితేనేం? మర్నాడు ఆయుధపూజలో తుపాకీకి పసుపు రాసి, మూతి మీద, అంటే నా మీద, కుంకుమ పెట్టారు. అక్కడ మొదలైంది నా ఖర్మ.

"నాన్నగారండీ, ఇవి తీసి వదులువి పెట్టుకుంటాను" అంది విశాలి.

"పూజందుకున్నదాన్ని తీస్తారా తల్లీ ఎవరన్నా? సెలక్షన్ అయ్యేదాకా ముట్టుకోకండి. అమ్మవారే చూసుకుంటారు" అన్నారాయన.

ఆ పిల్ల వదులు చోక్‌లని మళ్లీ పెట్టెలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మవారు చూసుకుంటే ఇంతమంది చోక్‌లెందుకయ్యా, పెట్టెలో అలంకారానికా?

సెలక్షన్ మైదానంలో జరగాల్సిందే జరిగింది. విశాలి గురి ఎప్పటిలాగే ఉంది. కానీ గుళ్లు విచ్చుకోకుండా గుప్పెడంత ముద్దగా పోయాయి, పళ్లేలు పక్కనించి వెక్కిరిస్తూ పోయాయి. "నేను కాదు మొర్రో, తమ్ముణ్ణి పెట్టండి" అని మొత్తుకుందామంటే నా నోట్లోంచి నిప్పు తప్ప మాట రాదు.

మొదటి విడత అవగానే విశాలి చోక్‌లు విప్పే తాళంచెవి తీసింది. "అపచారం తల్లీ!" అని రాజుగారు గోల పెడుతున్నా వినలేదు. వేడికి వేళ్లు చురుక్కుమంటున్నా నన్ను మర విప్పి ఆయన చేతిలో పెట్టింది. తమ్ముళ్లని బిగించాక ఒక్క పళ్లెం తప్పిపోతే ఒట్టు! అన్నీ పొడిపొడి అయ్యాయి. అయినా చివరికి ఒకే ఒక్క పళ్లెం తేడాతో జట్టులో చోటు పోయింది.

"చూశారా, పూజలో ఉన్నదాన్ని తీసేశారు. అమ్మవారికి కోపం వచ్చింది" అన్నారు రాజుగారు.

"కోపం వచ్చింది అమ్మవారికి కాదు నాన్నగారండీ, నాకు" అంది విశాలి, తుపాకీ సంచీలో పెట్టుకుంటూ.

ఇప్పుడు నేను వాళ్ల దేవుడి గదిలో ఉన్నాను. రాజుగారు రోజూ నా మీద పసుపునీళ్లు చల్లి, కొత్త బొట్టు పెడతారు. నా మరలన్నీ తుప్పు పట్టిపోయాయి. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, నన్నే అడుగుతారు: "వచ్చే ఏడన్నా మా అమ్మాయిని గెలిపించు తల్లీ."

ఆ పిల్ల ఓడిపోయింది నా మూలానేనయ్యా!