కాళ్లు పైకెత్తిన కనెక్టరు

పిల్లవాడి మెడకు ఏనుగు తలను కొలతలైనా చూడకుండా అతికించినా కిక్కురుమనక లోకాలనేలుతున్న గణనాథా, ఆ సర్దుబాటు గుణంలో రవ్వంత మా సర్క్యూట్ బోర్డులకూ ప్రసాదించి ఈ కథను నడిపించు తండ్రీ.

ఇంటి కింది అంతస్తులోని సర్క్యూట్ బోర్డుల కార్ఖానాలో, కంప్యూటరులోని విడిభాగాల లైబ్రరీకి వదినగారే సర్వాధికారిణి. ప్రతి భాగానికీ పటంలో గీసే సింబలు, బోర్డు మీద దాని కాళ్లు దిగే చోట్లు చూపే ఫుట్‌ప్రింటు ఆమె చేతిమీదుగానే లోపలికి వెళ్లాలి. ఫుట్‌ప్రింటును అసలు కొలతలో కాగితంపై అచ్చువేసి, భాగాన్ని దానిమీద పెట్టి చూడనిదే ఆమె ఒప్పుకోదు. ఒకసారి ఆ పరీక్ష ఎగ్గొట్టిన మరిదికి అన్నం దగ్గర కూడా పాఠం తప్పలేదు.

సాయంత్రం కొనుగోలుదారు వస్తాడనగా కొత్త బోర్డు ఉలకలేదు, పలకలేదు.

"వాడొచ్చేలోగా ఇది వెలగకపోతే లైబ్రరీ పాస్‌వర్డు నీ మరిదికిచ్చెయ్యమ్మా" అని మామగారు తేల్చేశారు.

మరిది తన ఫైళ్లకు 'కొత్తది', 'ఇదే కొత్తది', 'ఒట్టు ఇదే' అని నామకరణం చేసే మహానుభావుడు. తన లైబ్రరీ అతని పాలబడుతుందన్న తలపుకే ఆమె బోర్డును ముందుకు లాక్కుంది.

"వదినా, ప్లగ్గు దూర్చే ఈ కనెక్టరు చూడు. ఎడమ వరస కాళ్లు కుడికి పోయాయి."

"నోరు ముయ్యి. కాగితం మీద నేనే పెట్టి చూశాను."

"ఎలా పెట్టావో చూపించు."

నిలబెడితే కాళ్లు కనబడవు కనుక, ఆమె కనెక్టరును వెల్లకిలా పడుకోబెట్టింది. కాళ్లు ఆకాశాన్ని చూస్తున్నాయి.

"బొద్దింకకి వైద్యమా వదినా?" అన్నాడు మరిది.

ఆమె ముఖం కందగడ్డయింది. తిరగేసి పెట్టినప్పుడే కుడిఎడమలు తారుమారయ్యాయి. బోర్డును తిరగేసి చూసి, "పీకెయ్" అంది. "బోర్డు అడుగు వైపు నుంచి గుచ్చి అతికించు. వరసలు వాటి చోటికి అవే వస్తాయి."

మరిది అతికించాడు. బోర్డు వెలిగింది.

"ప్లగ్గు అడుగు నుంచి పెట్టడమేమిట్రా?" అన్నారు మామగారు.

"అందం కోసం నాన్నా" అన్నాడు మరిది, వదిన వైపు చూడకుండా.

"అందమూ లేదు, చందమూ లేదు మామయ్యగారూ. నేనే తప్పు గీశాను."

ఆయన గడ్డం గోక్కున్నారు. "పాస్‌వర్డు నీ దగ్గరే ఉంచుకో. కాగితం పరీక్ష మాత్రం ఇకమీదట వీడి ఎదుట చెయ్యి."

మరిది అప్పుడే కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు. ఆమె పళ్లు నూరుతూనే కనెక్టరు ఫుట్‌ప్రింటును సరిదిద్దడానికి తెరిచింది.

ఈ కథ విన్నవారందరి పనులూ మొదటి మీటకే వెలుగుగాక. తప్పు చూపే మరుదులు వారికి దగ్గరలోనే ఉందురుగాక, ఆ మరుదులకు నోరు కాస్త తక్కువై ఉండుగాక.