పదకొండు వందల కిటికీలు

అది ఎల్ అక్షరమా, ఒకటి అంకెనా తేలక బుర్మకాన్ ఆ చీటీని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. రాసినవాళ్ళెవరో చలికి చేతులు కొంకర్లు పోతుండగా రాసినట్టుంది. బజారు పక్కన, పర్యాటకులు దిగే బస ఇంటివాళ్ళు నిన్న పంపిన చీటీలు పద్నాలుగు. ఒక్కోదాని మీదా ఒక పేరు, ఒక ఈమెయిల్ చిరునామా, కింద ‘నెలకొక ఉత్తరం పంపవచ్చు’ అన్న మాట పక్కన టిక్కు. రెండిటికి టిక్కు లేదు. వాటిని చింపి పొయ్యిలో వేసింది. మిగతావాటిని, కీళ్ళు పట్టేసిన పది వేళ్ళలో ఇంకా మాట వినే మూడింటితో కంప్యూటర్లోకి ఎక్కించి, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి సరిచూసింది.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి. మంచుగాలికి కమిలి, వాడిన ఆపిల్ తొక్కలా ముడతలు పడిన ఎర్రటి చెంపలు. నవ్వినప్పుడు ఒక పక్కన బంగారు పన్ను మెరిసేది. వీధిలో ఎదురైతే తిరిగి చూడాలనిపించే మనిషి కాదు. కొండల నడుమ ఉన్న ఈ నరీన్ ఊరి తపాలా కచేరీలో ఇరవై రెండేళ్ళు టెలిగ్రాములు కొట్టింది. ఆ గది మూసేశాక రొట్టెలమ్మింది, బళ్ళో గచ్చు తుడిచింది. మూడేళ్ళ కిందట ఎర్మెక్ అనే ఊరి కుర్రాడు ఆమెను తన ఫొటో కొట్టులో పెట్టుకున్నాడు. అతను కొండల్నీ గుర్రాల్నీ సరస్సుల్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్లో అమ్ముతాడు. వాటిని ఇష్టపడేవాళ్ళ చిరునామాలు కూడబెట్టడం ఆమె పని. ఇప్పటికి పదకొండు వందల పైచిలుకు మంది అయ్యారు.

టెలిగ్రాఫు రోజుల్లో ఆమె ఒక్క అక్షరం తప్పు కొట్టింది. ఒక ఇంటికి వెళ్ళాల్సిన చావుకబురు ఇంకో ఇంటికి వెళ్ళింది. బతికున్న కొడుకు కోసం ఒక తల్లి రెండు రోజులు గుండెలు బాదుకుంది. మూడోనాడు నిజం తెలిసి ఆవిడే కచేరీకి వచ్చింది. తిట్టలేదు. “నా బిడ్డని నాకు మళ్ళీ ఇచ్చావమ్మా” అని చేతులు పట్టుకుని ఏడ్చింది. తిట్టినా బాగుండేదని బుర్మకాన్ చాలా ఏళ్ళు అనుకుంది.

ఎర్మెక్ టోపీ మీద మంచు దులుపుకుంటూ వచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్లమీద పెట్టాడు.

“ఎజే, ఇవాళ్టితో గట్టెక్కాం! రాజధానిలో, బిష్కెక్‌లో ఒకడి దగ్గర కొన్నా. యాభై వేల చిరునామాలు.”

ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ ఆమె ఎజె, అక్క.

“వీళ్ళు మనల్ని ఉత్తరం రాయమన్నారా?”

“ఎవరంటారు ఎజే? యాభై వేలమందికి పంపితే వందమందైనా చూడరా?”

“పిలవని ఇంట్లో టీ ఎవడు పోస్తాడురా?”

“పిలిచినవాళ్ళు పోశారా? మొన్న సగం ధరకిస్తానంటే ముగ్గురు పలికారు. ఇలాగే ఉంటే వసంతానికి కొట్టు మూసి మాస్కోలో టాక్సీ తోలుకోవాల్సిందే.”

ఆమె పెన్‌డ్రైవ్ వైపు చూడలేదు. “ధర గురించి రాశావు, ధర చూసి మూసేశారు. ఈ ఒక్కసారి నన్ను రాయనీ. సాయంత్రానికి ఏమీ కాకపోతే నీ యాభై వేలమందికీ నువ్వే పంపుకో. ఆ మీట నేను మాత్రం నొక్కను.”

“ఏం రాస్తావు? రొట్టె కాల్చడమెలాగనా?”

“నోరు మూసుకుని ఒక ఫొటో తియ్యి. కొండెక్కక్కర్లేదు. ఈ కిటికీలోంచి చాలు.”

అద్దం మీద మంచు ఈకల్లా పేరుకుంది. దాని వెనక మోడువారిన పోప్లార్ చెట్టు, వీధి దాటుతున్న ఒక ఆవు, నదిమీంచి లేస్తున్న ఆవిరి. ఎర్మెక్ నవ్వుతూనే తీశాడు. ఆమె రష్యన్‌లో రాసింది. కంప్యూటర్ దాన్ని ఇంగ్లీషు చేసింది. టెలిగ్రామంత ఉత్తరం.

‘మీ పేర్లు రాసుకున్న మనిషిని నేనే. నరీన్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఇవాళ నా కిటికీలోంచి కనిపించేది ఇది. మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?’

పదింటికి మీట నొక్కి, పాలు కలిపిన టీ పోసుకుంది. టీ చల్లారింది. ఏమీ రాలేదు.

మొదటి జవాబు జపాన్ నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం. ఒక ముసలాయన పెరట్లో నారింజచెట్టు, ఆకుల మీద కాస్తంత మంచు. తర్వాత ఆస్ట్రేలియా, ఎండకు వెలిసిపోయిన మైదానం. నరీన్‌లో మధ్యాహ్నం నమాజు వేళకి యూరప్ నిద్రలేచింది. ట్రాము తీగల మీద వాన. ఆసుపత్రి కిటికీ పక్క రెండు పావురాలు. నార్వే నుంచి ఒకామె ఉత్త నల్లటి ఫొటో పంపింది: ‘మాకు జనవరి చివరిదాకా తెల్లవారదు. అయినా మీరడిగారు కనుక తెర తీసి చూశాను.’

బుర్మకాన్ తలగుడ్డ వెనక్కి జారినా సర్దుకోలేదు. సాయంత్రమవుతుంటే సముద్రం దాటి బ్రెజిల్‌లో తెల్లవారింది. ఎర్రటి ఇళ్ళకప్పులు, వాటి మీద అప్పుడే పడుతున్న వెలుగు. ఇక్కడ, ఆమె కిటికీలో, అదే పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. ఆమె అటొకసారి, తెరవైపొకసారి చూసింది. కుర్చీలోంచి ఒక్క గజం కదలకుండా, సూర్యుడు భూమి చుట్టూ ఒక్కో గుమ్మమే తట్టుకుంటూ నడిచివెళ్ళడం చూసింది.

“ఎర్మెక్,” అంది గుసగుసగా, మసీదులో మాట్లాడినట్టు. “వీళ్ళంతా ఉన్నార్రా. నిజంగా ఉన్నారు. నేను అక్షరాలే అనుకున్నాను.”

ఎర్మెక్ పరిహాసం ఎప్పుడో మానేశాడు. ఆ ఆవు ఫొటో కొంటామని చాలామంది రాశారు. అతను పెన్‌డ్రైవ్ తీసి పొయ్యి తలుపు తెరిచాడు.

“కంపు కొడుతుంది, చెత్తబుట్టలో పడెయ్,” అందామె. కోటు తొడుక్కుంటూ, “రేపు పొద్దున్నే వస్తా. ఒక్కొక్కళ్ళకీ జవాబు రాయాలి,” అంది.

ఊరి చివరికి వెళ్ళే చిన్న బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆఖరి స్టాపులో అందరూ దిగారు. “అమ్మా, వచ్చేశాం,” అని డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. నిద్రపోతోందనుకుని కాసేపు ఇంజను ఆపకుండా, వెచ్చదనం పోకుండా ఉంచాడు. ఆమె చేతి వేడికి అద్దం మీద మంచు అరచేయంత మేర కరిగి ఉంది.

మర్నాడు ఎర్మెక్ చావుకబురు విని, ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నానికి కొట్టు తాళం తీశాడు. రాత్రంతా జవాబులు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఆమె పేరు మీదే. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటిది తెరిచాడు. కాలికి మెత్తగా ఏదో తగిలితే వంగి చూశాడు.

బల్లకింద ఆమె నీలంరంగు ఉన్ని చెప్పుల జత, పొద్దున వస్తూనే కాలు దూర్చడానికి వీలుగా, గుమ్మం వైపు మడమలు తిప్పి ఉంది.